సవరణ: ఆ రాత్రి చనిపోయింది ముగ్గురు

బ్రాండన్ టీనా అనే ట్రాన్స్ పురుషుడి నిజ జీవితం, హత్య మీద తీసిన సినిమా ‘బాయ్స్ డోంట్ క్రై’ (1999) గురించి మొన్న రాస్తూ, ఆ హత్య జరిగిన రాత్రి ఇద్దరు చనిపోయారన్నాను. తప్పు. సినిమాలో చూపింది ఇద్దరినే. నిజానికి 1993 డిసెంబర్ 31న అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో హంబోల్ట్ దగ్గర ఒక ఇంట్లో బ్రాండన్ టీనా, లీసా లాంబర్ట్‌లతో పాటు ఫిలిప్ డివైన్‌నూ కాల్చి చంపారు. ఫిలిప్ నల్లజాతి యువకుడు, వయసు 22. సినిమా అతన్ని పూర్తిగా వదిలేసింది. చెక్ చేసుకోకుండా నేనూ వదిలేశాను. ఆ కుటుంబాన్ని తలచుకుంటే మనసు చివుక్కుమంటోంది.

ఇంకోటి. బ్రాండన్‌ను రెండు చోట్ల ‘ఆమె’ అన్నాను. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా, అతను మగవాడిగానే బతికాడు. హత్యకు ముందు, తనపై అత్యాచారం జరిగిందని అతను ఫిర్యాదు చేస్తే, షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) నిందితులను అరెస్ట్ చేయకుండా అతని ఒంటి గురించే గుచ్చి గుచ్చి అడిగాడు. నా మాట కూడా ఆ వైపుకే పోయింది. క్షమించండి. రెండు చోట్లా ‘అతను’ అని మార్చాను.