గోపాల్‌పూర్ మీదుగా హెలికాప్టర్ ఎక్కలేరు

పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా కుర్రాళ్ల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది: “అగ్నివీర్‌గా సైన్యంలో చేరండి. రెండేళ్లయ్యాక కోస్ట్ గార్డుకు బదిలీ పెట్టుకుంటే తుఫాను బాధితులను కాపాడే హెలికాప్టర్ పైలట్ కావచ్చు. డిగ్రీ, పరీక్ష అక్కర్లేదు.” తెల్లవారుజామున పరుగు నేర్పడానికి మైదానానికి వెళితే ముగ్గురు ఇదే అడిగారు.

బదిలీ అన్నది శుద్ధ అబద్ధం. తహసీల్దారు కార్యాలయంలో సీటు మారినట్టు సైన్యం నుంచి కోస్ట్ గార్డుకు మారలేరు. 1978 నాటి చట్టంతో నడిచే ఆ దళానికి నియామకాలు వేరు. ఈ పుకారుకు మూలం అమెరికా అయి ఉంటుందని నా అనుమానం. అక్కడి కోస్ట్ గార్డు ఇతర దళాల పైలట్లను నేరుగా అధికారులుగా తీసుకుంటుంది. అదీ అప్పటికే ఎగిరినవారిని. తుపాకీ పట్టినవాడిని తెచ్చి కాక్‌పిట్‌లో కూర్చోబెట్టరు. మన దగ్గర ఉన్నదల్లా, త్రివిధ దళాల్లో పనిచేస్తూ కోస్ట్ గార్డు అధికారి ఉద్యోగానికి దరఖాస్తు చేసేవారికి వయసులో ఐదేళ్ల సడలింపు. పరీక్ష అందరితోపాటు రాయాల్సిందే.

కోస్ట్ గార్డు పైలట్‌కు డిగ్రీ కావాలి. ఇంటర్లో లెక్కలు, భౌతికశాస్త్రం ఉండాలి. మన దళాల్లో పైలట్లంతా అధికారులే.

సందేశం కింద ఎవరో మహానుభావుడు “గోపాల్‌పూర్ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ పక్కనే ఉంది, అక్కడి నుంచి ఇంకా సులువు” అని తగిలించాడు. పేరులో ‘ఎయిర్’ చూసి మోసపోయాడు పాపం. అక్కడ నేర్పేది విమానాన్ని ఎగరేయడం కాదు, శత్రు విమానాన్ని కూల్చడం!

జవానుకు దారే లేదా అంటే, చుట్టుదారి ఉంది. జవాన్లను అధికారులుగా తీర్చిదిద్దే ఆర్మీ క్యాడెట్ కాలేజీకి రాతపరీక్ష, అధికారులను ఎంపిక చేసే బోర్డు (ఎస్ఎస్‌బీ) ఇంటర్వ్యూ గట్టెక్కితే అక్కడ మూడేళ్లు, డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో ఒక ఏడాది. అధికారి అయ్యాక సైన్యంలోని ఏవియేషన్ విభాగానికి ప్రయత్నించి, ఎంపికైతే నాసిక్‌లో శిక్షణ. మధ్యలో అసలు గండం ఒకటుంది: పైలట్‌గా పనికొస్తారా అని చూసే పరీక్ష. అది జన్మకు ఒక్కసారే. తప్పితే ఏ దళం తలుపు తట్టినా మళ్లీ కూర్చోనివ్వరు. పరుగులో ఓడినవాడు వచ్చే ఏడాది రావచ్చు, ఇందులో ఓడినవాడికి వచ్చే ఏడాది లేదు.

అన్నట్టు, తీగకు వేలాడుతూ దిగి వరదలో మనిషిని పట్టుకునేవాడు పైలట్ కాడు, డైవరు. కుర్రాళ్లలో సగం మంది మనసులో ఉన్నది నిజానికి ఆ పనే.

ఇక దేహం. వాయుసేన పైలట్‌కు కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. ఆ ముగ్గురిలో ఒకణ్ని మా వరండా గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపించి కూర్చోబెట్టాను. దర్జీ టేపుతో అరికాలి దాకా కొలిస్తే 97 వచ్చింది. వాడు కదలకుండా టేపు వైపే చూస్తూ, “మాస్టారూ, గోడకు సరిగా ఆనలేదేమో, ఇంకోసారి చూడండి” అన్నాడు.