విదేశీ జాతుల కలప పొయ్యిలోకేనా?

"విదేశీ జాతుల చెట్లు త్వరగా పెరుగుతాయి కాబట్టి కలపలో బలం ఉండదు. కోయగానే చీలుతుంది, చెదలు తినేస్తాయి. కాగితం గుజ్జుకీ పొయ్యికీ తప్ప పనికిరాదు." తెగ షేర్ అవుతున్న మాట ఇది. దీన్ని నమ్మి మంచి దుంగల్ని వంటచెరకు కింద అమ్మేసుకుంటుంటే బాధేస్తుంది.

ముందు బలం సంగతి. సరుగుడు త్వరగా పెరుగుతుంది, అయినా దాని చెక్క టేకు కంటే బరువు. చలిదేశాల్లో పెరిగే ఓక్, యాష్ చెట్లలోనైతే త్వరగా పెరిగి, ఏటా పడే వలయాలు వెడల్పుగా ఉంటే చెక్క సాధారణంగా ఇంకా గట్టిగా ఉంటుంది. పైన్‌లో మాత్రం ఈ మాట కొంత నిజం. అక్కడ కూడా అసలు చూడాల్సింది వయసు. కాండం నడిమధ్య ఉండే తొలి వలయాల చెక్క బలహీనం, ఆరితే మెలి తిరుగుతుంది. లేత వయసులో నరికేసి, తప్పు జాతి మీదకు నెడుతున్నారు.

చీలడం యూకలిప్టస్‌కి ఉన్న నిజమైన సమస్యే. నిలబడి ఉన్నప్పుడే దాని కాండంలో పైపొరలు లాగినట్టు, లోపలి చెక్క నొక్కుకున్నట్టు ఉంటాయి. నరకగానే ఆ బిగువు వదిలి, దుంగ మొనలో నడిమి నుంచి అంచులకు పగుళ్లు పాకుతాయి. కోసిన మొనలకు వెంటనే మైనం పూసి, దుంగను రెండు వైపుల నుంచీ మార్చి మార్చి కోసి, పలకల మధ్య పుల్లలు పెట్టి, పైన బరువు వేసి నీడలో నెమ్మదిగా ఆరనిస్తే నష్టం బాగా తగ్గుతుంది. బ్రెజిల్‌లో తోటల్లో పెంచిన యూకలిప్టస్‌తో ఫర్నిచర్ చేస్తున్నారు.

ఇక చెదలు. చెదలకు విదేశీ, స్వదేశీ తేడా తెలియదు, చేవ ఉందా లేదా అన్నదే లెక్క. టేకులోనూ బెరడు కిందుండే తెల్ల చెక్కను తినేస్తాయి. కాలిఫోర్నియా తీరానికి చెందిన రేడియేటా పైన్‌కి సొంతంగా తట్టుకునే శక్తి లేదు, కానీ మందును బాగా పీల్చుకుంటుంది. న్యూజిలాండ్‌లో ఇళ్ల చట్రాలు ఎక్కువగా దీనితోనే కడతారు.

పొయ్యికి తప్ప పనికిరాదనేవాళ్లు రబ్బరు చెట్టును చూడాలి. పుట్టిల్లు అమెజాన్. సుమారు 25-30 ఏళ్లకు పాలు తగ్గాక కొట్టేసిన చెట్లను ఒకప్పుడు కాల్చేసేవాళ్లు. కోసిన వెంటనే బోరాన్ మందు పట్టించి ఆరబెట్టడం మొదలయ్యాక మలేసియా నుంచి ఆ చెక్క కుర్చీలూ బల్లలూ ప్రపంచమంతా వెళ్తున్నాయి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్‌ని మాత్రం వానలో తడిసే చోట వాడొద్దు. ఇంటి లోపల వాడితే, సరైన కోతలో బయటపడే దాని అల్లికలాంటి చారలు చాలా అందంగా ఉంటాయి.