సవరణ: గూగుల్‌లో ప్రకటనను గుర్తుపట్టడం

బెజవాడలో ఏసీ రిపేరు వాళ్ల కోసం వెతికేటప్పుడు పచ్చరంగు ‘యాడ్’ గుర్తు చూసుకోమని పాత పోస్టులో ఉంది. ఆ గుర్తు ఇప్పుడు లేదు. ఫోన్లలో 2019లోనే నల్ల అక్షరాలకు మారింది, 2022 నుంచి ‘స్పాన్సర్డ్’ అని వస్తోంది. ప్రకటనలు పేజీ పైనే కాదు, అడుగున కూడా వస్తాయి, కాబట్టి కిందిదాకా చూడండి. పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే ప్రకటన ఎవరు ఇచ్చారో తెలుస్తుంది.

‘స్పాన్సర్డ్’ అని ఉందని మోసం అనుకోవద్దు. గవర్నర్‌పేటలో నిజాయతీగా పనిచేసే షాపువాళ్లూ డబ్బు కట్టి పైకి రావచ్చు. కానీ మోసగాళ్లూ అలాగే పైకి రావచ్చు, కాబట్టి బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు మాత్రం దయచేసి ఇలా వెతకొద్దు. ఇంట్లో పెద్దవాళ్లకు తప్పకుండా చెప్పండి: కార్డు వెనక ఉన్న నంబరుకే ఫోన్ చేయాలి.