నేను మూసిన మ్యాన్‌హోల్

మొన్న మంగళవారం పొద్దున్న ఆరూ నలభైకి, లుంగీ మీద, నోట్లో బ్రష్షుతో, నేను మా వీధి మ్యాన్‌హోల్‌కి మూతగా పనిచేశాను. ఫొటో ఉంది. అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంది.

అంతకుముందే మా గేటు ఎదురుగా మూత మీద నీళ్ళ ట్యాంకర్ ఎక్కింది, మూత పగిలింది. పగిలిన ముక్క మీద ‘ఎల్‌డీ 2.5’ అని అచ్చు ఉంది. అంటే లైట్ డ్యూటీ, రెండున్నర టన్నులు. మనుషులు నడిచేచోట వేసే రకం. లారీలు తిరిగే రోడ్డుకి హెచ్‌డీ 20, అంటే హెవీ డ్యూటీ, ఇరవై టన్నుల లాంటిది కావాలి. కాంక్రీటు మూతలకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 12592లో ఈ లెక్కలన్నీ ఉన్నాయి. ఆ సాయంత్రమే టీ బడ్డీ దగ్గర నలుగురికీ చెప్పాను. ఇనప మూతలైతే పాత సామాన్లవాడికి అమ్ముకుంటారని కాంక్రీటువి వేస్తున్నారనీ, గుండ్రటి మూత ఎటు తిప్పినా తన కన్నంలో తాను పడదనీ, మాది నలుచదరం కాబట్టి ఐమూలగా లోపలికి జారిందనీ కూడా చెప్పాను.

“అయితే ఇప్పుడేం చేద్దామండీ?” అన్నాడు బడ్డీ ఆయన.

ఆ ప్రశ్నకి ఐఎస్ నంబరు లేదు.

ఈలోగా ఎదురింటాయన వాళ్ళ చెట్టు నుంచి వేపకొమ్మ విరిచి, ఎర్రగుడ్డ కట్టి, కన్నంలో నిలబెట్టాడు. నాకు నవ్వొచ్చింది. “యాప్ ఉండగా ఇంకా కొమ్మలేమిటండీ! అమెరికాలో బాల్టిమోర్ వాళ్ళు 1996లోనే అత్యవసరం కాని ఫోన్లకి 311 అని వేరే నంబరు పెట్టుకున్నారు” అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. కొమ్మ సరిచేసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున్న మునిసిపాలిటీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. 48 గంటల్లో పరిష్కారం అని వచ్చింది.

మంగళవారం పళ్ళు తోముకుంటుంటే చెత్త ఆటో ఆగింది. అందులోంచి ఓ కుర్రాడు, వాడి చంకలో బూడిదరంగు వేసిన ప్లైవుడ్ చెక్క. బూడిదరంగు! అంటే ఇది ఇవాళ పుట్టిన ఆలోచన కాదు.

“కంప్లైంట్ పెట్టింది మీరేనా సార్? ఇంకో పద్దెనిమిది నిమిషాల్లో ఎర్రగా అయిపోద్ది.”

కన్నం సంగతేమో అనుకున్నాను. కాదు, ఫిర్యాదు. గడువు దాటితే పై ఆఫీసు బోర్డు మీద ఎర్రబడుతుందట, వీడికి మెమో వస్తుందట. మూత స్టోర్‌లో లేదట. వస్తే తప్పకుండా వేస్తారట. ప్రస్తుతానికి ‘ముందు ఫొటో’, ‘తర్వాత ఫొటో’ పడితే చాలట.

ముందు ఫొటో బానే వచ్చింది. తర్వాత ఫొటో దగ్గరే వచ్చింది చిక్కు. చెక్క వానకి తడిసి అప్పడంలా వంగిపోయింది. ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తుంది.

“సార్, మీరొక్కసారి మధ్యలో నిలబడితే అణుగుద్ది.”

నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానని మా ఆవిడ అప్పట్నుంచీ అడుగుతూనే ఉంది. అడిగింది చిన్నపిల్లాడు, సార్ అన్నాడు, అంతే. నా బరువు 84 కిలోలు. ఎల్‌డీ మూత అయితే నాలాంటివాళ్ళని దాదాపు ముప్పై మందిని మోస్తుంది. ఈ చెక్క మీద అచ్చేమీ లేదు. కిర్రుమంది.

“కదలకండి సార్, జీపీఎస్ ఇంకా ఎదురింటి వంటింట్లో చూపిస్తోంది.”

నేలకి 20 వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాలు, తక్కువలో తక్కువ నాలుగు, పంపే సంకేతాలు పట్టుకుని వాడి ఫోను, నేను కన్నం మీద ఉన్నానా, ఎదురింటి పొయ్యి మీద ఉన్నానా అని లెక్కలు కడుతోంది. కింద నుంచి వాసన. చెక్క సందులోంచి ఓ బొద్దింక మీసాలు బయటపెట్టి నా చెప్పుని పరీక్షించింది. ఆ ఫిర్యాదు మీద క్షేత్రస్థాయి తనిఖీ చేసిన ప్రాణి అదొక్కటే. పాలావిడ సైకిలాపి, “ఏంటి బాబుగారూ, ఓపెనింగా?” అంది. నోట్లో నురగ. జవాబు చెప్పలేక నవ్వాను. సరిగ్గా అప్పుడే క్లిక్కుమంది.

తర్వాత ఓటీపీ. “ఎవరు అడిగినా చెప్పొద్దండీ” అని మా అత్తగారికి వారానికోసారి ఫోన్ చేసి మరీ చెప్పే మనిషిని, నురగలోంచి నాలుగంకెలు మూడుసార్లు పలికాను.

వాడు చెక్క ఆటోలో పెట్టుకున్నాడు. ఇంకో మూడు వీధులు తిరగాలట. పోతూ పోతూ వేపకొమ్మ కూడా ఆటోలో వేసుకున్నాడు, చెత్త కదా.

కుర్రాడి మీద కోపం లేదు. ఆ బోర్డు ముందు ఏసీలో కూర్చునే పెద్దమనిషికి మా వీధి పచ్చగా కనబడుతోంది చూడండి, ఆయన మీద ఉంది. ఒక్క వానాకాలం రాత్రి, ట్యాంకర్ వెనకాల, స్కూటర్ మీద రమ్మనండి.

సాయంత్రం మెసేజ్ వచ్చింది: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. ఎన్ని స్టార్లు ఇస్తారు?’ కింద నా ఫొటో. నురగతో, నవ్వుతూ. సంతృప్తి చెందిన పౌరుడంటే అచ్చం అలాగే ఉంటాడు. మా ఆవిడ దాన్ని పెద్దది చేసి చూసి, “ఆ లుంగీ పారేయమన్నానా లేదా?” అంది.

చీకటి పడేలోపు ఇంకో కొమ్మ అడుగుదామని ఎదురింటికి వెళ్ళాను. ఆయన గేటు తీయలేదు.

“యాప్ ఉండగా ఇంకా కొమ్మలేమిటండీ” అన్నాడు.