హాల్లో 0.006 క్యూసెక్కులు

నెల్లూరు జిల్లాలో నీటి ప్రాజెక్టులకు కొదవ లేదు. 78 టీఎంసీల సోమశిల ఉంది. దాని దిగువన సంగం, నెల్లూరు బ్యారేజీలున్నాయి. వాటి గురించి రోజూ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. మా ఇంటి హాల్లో, టీవీకి ఎడమపక్క స్టూలు మీద వెలసిన 60 లీటర్ల ప్రాజెక్టు గురించి మాత్రం ఇంతవరకూ ఒక్క ముక్క ఎక్కడా రాలేదు. ఆ లోటు నేనే తీరుస్తున్నాను.

ప్రాజెక్టు లబ్ధిదారు ఒక్కడే: నీలం రంగు ఫైటర్ చేప. ఒళ్లు బెత్తెడు కూడా లేదు, రెక్కలు మాత్రం పెళ్లికూతురి కుచ్చిళ్లంత. మా వాడు దొర అని పేరు పెట్టాడు. దొరకు నీళ్లు శుభ్రంగా ఉండాలని ఫిల్టర్ కొనడానికి వెళ్తే అంగట్లో రెండు రకాలు చూపించారు. గంటకు 200 లీటర్లు తోడేది ఒకటి, 600 తోడేది ఇంకొకటి. నెల్లూరోడు చిన్నది కొంటాడా? లెక్క కావాలన్నవాళ్ల కోసం చెబుతున్నాను. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. ఆ ప్రకారం మా ఫిల్టర్ ఔట్‌ఫ్లో దాదాపు 0.006 క్యూసెక్కులు. తొట్టిలో నీళ్లన్నీ గంటకు పదిసార్లు తిరుగుతాయన్నమాట. మామూలు చేపలకు నాలుగైదు సార్లు చాలంటారు, ఫైటర్‌కు అంత కూడా అక్కర్లేదంటారు. మేం రెట్టింపు ఇచ్చాం. దీన్ని అభివృద్ధి అనక ఏమంటారు?

కొబ్బరికాయ కొట్టాం. మా ఆవిడ స్విచ్ వేసింది. అప్పటిదాకా తొట్టి మధ్యలో విలాసంగా తిరుగుతున్న దొర, మరుక్షణం ఎదుటి అద్దానికి అతుక్కుపోయాడు. తోక తిరగబడి మొహం మీద పడింది. తేరుకుని ఎదురీదాడు. ఎంత ఈదినా ఉన్నచోటే ఉన్నాడు, సాయంత్రం పూట ట్రంకు రోడ్డులో ఆటో లాగా. చివరికి మొక్క వెనక దూరి, దాని కాడకు ఒళ్లు ఆనించి నిలబడ్డాడు. మేత వేస్తే గింజలు వాడి మూతి ముందునుంచే హాల్టు లేని రైళ్లలా వెళ్లిపోయాయి. మూడో రోజుకు తోక అంచులు చీలాయి.

దొర పుట్టుపూర్వోత్తరాలు ఇక్కడ చెప్పుకోవాలి. వీళ్ల స్వస్థలం థాయ్‌లాండ్, ఆ చుట్టుపక్కల వరి మళ్లు, చిత్తడి నేలలు. లోతు తక్కువ, పారుదల అంతంతమాత్రం. నీళ్లలో గాలి చాలకపోతే పైకొచ్చి నేరుగా పీల్చుకునే అవయవం వీళ్లకు తలలోనే ఉంది. ఆ మడి చేపకు మనుషులు అందం కోసం తరతరాలుగా రెక్కలు పొడుగు పెంచారు. అయితే మాత్రం? వరి మడిలో పుట్టినవాడికి నీళ్లు ఎక్కువిస్తే కోపమా? మా జిల్లాలో నీళ్లు ఎక్కువిచ్చారని ధర్నా చేసిన రైతును చూశారా? (2021 నవంబరు సంగతి ఎత్తకండి. పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసుకుపోయింది. అది వేరే పద్దు.)

ఆదివారం హాల్లో సలహా మండలి కూర్చుంది. విద్యుత్తు తరఫున మా ఆవిడ, సాంకేతికం తరఫున ఏడో తరగతి చదివే మా వాడు, గేట్ల తరఫున మామగారు. ఆయన బుచ్చి దగ్గర కనిగిరి రిజర్వాయరు కాలవ మీద లష్కరుగా, అంటే తూములూ గేట్లూ చూసుకునే మనిషిగా చేసి రిటైరయ్యారు. ప్రత్యేక ఆహ్వానితుడు పైవాటా ఆయన, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి.

"జోరు తగ్గిస్తే ఎట్ట సార్? తెల్లారుజామున ఏరియేటర్ ఆగిందంటే రొయ్యలన్నీ తేలిపోతాయి" అన్నాడాయన. నిజమే. పగలు గుంటలో నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదీ పీల్చుకునే వర్గంలో చేరిపోతుంది, తెల్లారేసరికి గాలి అడుగంటుతుంది. కాకపోతే పైకొచ్చి ముక్కు బయట పెట్టే సౌకర్యం రొయ్యకు లేదు, దొరకుంది. ఈ తేడా మినిట్స్‌లోకి ఎక్కలేదు.

మా వాడు వారబందీ ప్రతిపాదించాడు. పగలు ఫిల్టర్, రాత్రి విశ్రాంతి. నాకు భలే నచ్చింది. అయితే ఫిల్టర్ స్పాంజిలో కంటికి కనబడని ఆయకట్టు ఒకటుంది. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా. ప్రవాహం గంటల తరబడి ఆగితే ఆక్సిజన్ అందక అవి చస్తాయి, ఆపైన అమ్మోనియా దొర ప్రాణం మీదికి వస్తుంది. ఆపకూడదు, ఆపకుండా ఉండకూడదు. ఇలాంటి చోటే పెద్దలు ఉపసంఘం వేస్తారు. మేమూ వేశాం.

ఉపసంఘం టీ తాగుతుండగా మామగారు లేచి తొట్టి దగ్గరికెళ్లారు. "ఏందల్లుడా ఇది, తూము నోరు నేరుగా నారు మీదికే పెట్టుండావే!" అని నాజిల్‌ను వేలితో గోడ వైపు తిప్పారు. ధార వెనక అద్దానికి తగిలి, జోరంతా అక్కడే వదిలేసి, రెండు పక్కలకూ పల్చగా జారింది. తర్వాత స్పాంజి ముక్క చీల్చి నాజిల్ మూతికి తొడిగి, సాంబారు పార్సిల్‌కొచ్చిన రబ్బరు బ్యాండు వేశారు. నీటి మీద సన్నటి అల మిగిలింది. గాలి నీళ్లలో కలవడానికి ఆ మాత్రం కదలిక చాలు. వేడి నీళ్లు ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి గనక మన ఎండల్లో ఆ అల కూడా లేకుండా చేయకూడదు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండమన్నాడు మా వాడు. కొళాయి నీళ్లలో పిండితే క్లోరిన్‌కు ఆయకట్టంతా ఎండిపోతుందట.

అంచనాలు లేవు, టెండర్ లేదు, శిలాఫలకం లేదు. నా అభ్యంతరాన్ని రాతపూర్వకంగా నమోదు చేయించాను.

వారం తిరక్కుండానే ఇంకో దారుణం. దొర మొక్క చాటు వదిలి వచ్చి, ఎడమ మూల నీటి మీద తెల్లగా నురగ గూడు కట్టాడు. మగ ఫైటర్ గుడ్ల కోసం నోటితో జిగురు బుడగలు ఊది కట్టేది ఇదే. నీళ్లు ఉరుకుతుంటే చెదిరిపోతుంది, నెమ్మదిగా ఉంటేనే నిలుస్తుంది. ఇంట్లో అందరూ మురిసిపోయారు. నేను రూల్సు చూశాను. రిజర్వాయరు పరిధిలో, ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు మీద, అనుమతి లేని కట్టడం. ఏడు రోజుల గడువిచ్చి, తెల్లకాగితం మీద నోటీసు రాసి అద్దానికి అంటించాను.

దొర దగ్గరికొచ్చి చూశాడు. మొప్పలు రెండూ గొడుగుల్లా విప్పి కాగితం మీదికి దూకాడు. మామగారు కుర్చీ తెచ్చుకుని తొట్టి పక్కన కూర్చున్నారు, వాడి వైపు.