మా పెరంబూరు పిల్లాడి నోట్‌బుక్

116 అనే అమెరికా క్రైస్తవ ర్యాప్ బృందం మీద మీ వ్యాసం చదివాను, చాలా సంతోషమేసింది. ఆ పేరు రోమా పత్రిక 1:16 నుంచి వచ్చిందని, సువార్త గురించి సిగ్గుపడను అని పౌలు చెప్పిన మాట అదేనని నేను సండే స్కూల్లో చెప్పగానే పిల్లలు గబగబా బైబిళ్లు తిప్పారు. ఆ బృందంలోని ర్యాపర్ లెక్రే ఆల్బమ్ 2014లో అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి వెళ్లింది. దేవుడి పాట చర్చి గోడలు దాటదనేవాళ్లు ఇది చూడాలి.

మీ వ్యాసం కింద వ్యాఖ్యల్లో ఒకాయన "ర్యాప్ మన సంస్కృతి కాదు, ఆరాధనకు పనికిరాదు" అని రాశారు. అయ్యా, తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలో క్రీస్తు కీర్తనలను మన రాగతాళాల్లోనే కట్టారు కదా! అప్పటి జనానికి తెలిసిన బాణీ అది. మా పెరంబూరున్న ఉత్తర చెన్నైలో గానా అనే వీధి పాటలు వింటూ పెరిగే మా పిల్లలకు ఈ ర్యాప్ దరువే చెవికెక్కుతుంది.

మా సంఘంలో పదో తరగతి అబ్బాయి ఒకడున్నాడు. లెక్కల నోట్‌బుక్ వెనక పేజీల్లో తెలుగు ర్యాప్ రాసుకుంటాడు, అదీ తమిళ లిపిలో. తెలుగు చదవడం రాదు. తమిళ లిపిలో 'ప'కీ 'భ'కీ ఒకటే అక్షరం. అందుకే 'భయం' అని రాసింది 'పయం' అని పాడాడు. దిద్దితే నవ్వి, బెంచీ మీద వేళ్లతో దరువేస్తూ 'భయం', 'జయం' అని పదిసార్లు అనుకున్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆరాధనయ్యాక నా దగ్గర అక్షరాలు దిద్దుతున్నాడు. నిన్నటికి 'ఘ' దాకా వచ్చాం.