సవరణ: నేరుగా పెట్టుబడి, రుసుముల ఆదా

ప్రైవేటు ఈక్విటీ ఫండ్ అంటే మదుపరుల డబ్బు పోగుచేసి, ఎక్కువగా స్టాక్ మార్కెట్లో లేని కంపెనీల్లో వాటాలు కొనే నిధి. దాన్ని కాదని కంపెనీలో నేరుగా వాటా కొంటే, ఏటా దాదాపు 2 శాతం నిర్వహణ రుసుము, లాభంలో సాధారణంగా 20 శాతం దాకా మేనేజరుకు పోయే వాటా మిగులుతాయన్న గత టపాలోని వాక్యాన్ని, ఆ మిగులంతా నికర లాభమే అనే అర్థంలో తీసుకోకూడదు. కంపెనీ లెక్కల పరిశీలన, వాటాదారుల ఒప్పందం, న్యాయ సలహా, ఆ తర్వాతి పర్యవేక్షణ ఖర్చులన్నీ అప్పుడు మదుపరి మీదే పడతాయి. హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలోని బయోటెక్ సంస్థ విషయంలోనైతే, ఆ శాస్త్రాన్ని అంచనా వేయగల నిపుణుణ్ని వెతకడమే అన్నిటికన్నా కష్టం. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2012 నిబంధనల కింద ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధిలో (ప్రైవేటు ఈక్విటీ ఫండ్ ఈ కోవలోదే) సాధారణంగా కనీసం 1 కోటి రూపాయలు పెట్టాలి. ఆ కోటి అక్కడ పలు కంపెనీలకు చీలుతుంది, నేరుగా పెడితే తరచు ఒక్కదానిలోనే ఇరుక్కుంటుంది. నేరుగా కొంటే ఎప్పుడు అమ్మాలన్న నిర్ణయం మదుపరిదేనన్న గత టపాలోని మాట అలాగే ఉంటుంది, కాకపోతే సగం కన్నా తక్కువ వాటా ఉన్న మైనారిటీ వాటాదారుకు అది ఒప్పందంలో రాసుకున్న మేరకే వర్తిస్తుంది.